విలియం పాల్ – మంచుదేశపు ఆదివాసీ శాసనసభ్యుడు

ఈసారి మన గోడపత్రికలో చాలా దూరపు మనిషి గురించి రాస్తున్నాను. ఆయన పేరు విలియం లూయిస్ పాల్. ఈ పేరు మనలో చాలామంది విని ఉండరు. కానీ ఆయన కూడా ఆదివాసి. ఆయన కూడా హాస్టల్లో ఉండి చదువుకున్నవాడే. అందుకే ఎంచుకున్నాను.

ముందుగా ఉత్తర అమెరికా పటం తీయండి. పైన ఎడమ మూలలో ఏనుగు తలకాయలాగా ఒక పెద్ద నేల కనిపిస్తుంది. అదే అలాస్కా. మన భారతదేశంలో సగం ఉంటుంది. దాని కింద, తొండంలాగా సముద్రం ఒడ్డునే కిందికి దిగిన సన్నని ముక్క ఒకటి ఉంది చూడండి. అంతా దీవులు, కొండలు, దట్టమైన అడవి, ఆగని వాన. అక్కడ ఎన్నో వేల ఏళ్ళుగా ట్లింగిట్ అనే ఆదివాసులు ఉన్నారు. వాళ్ళ పక్కనే హైడా అనే ఇంకో జాతి ఉంది. సాల్మన్ చేపలే వాళ్ళ తిండి, దేవదారు చెట్టే వాళ్ళ ఇల్లూ పడవా. మనలో గోత్రాలు ఉన్నట్టే వాళ్ళలోనూ ఉంటాయి. జాతి మొత్తం రెండు సగాలు: కాకి సగం, గద్ద సగం. కాకి వాళ్ళు గద్ద వాళ్ళనే పెళ్ళి చేసుకోవాలి. బిడ్డలు తల్లి గోత్రానికి చెందుతారు, తండ్రి గోత్రానికి కాదు. ఏ వాగు ఏ గోత్రానిది, ఏ ఒడ్డున ఎవరు చేప పట్టాలి అన్నది అందరికీ తెలుసు. కాగితం మీద మాత్రం ఎక్కడా లేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, చివర్లో దీనితోనే పని పడుతుంది.

1867లో రష్యా దేశం అలాస్కాని అమెరికాకి 72 లక్షల డాలర్లకు అమ్మేసింది. అక్కడ ఉన్నవాళ్ళని ఎవరూ అడగలేదు. చాలాకాలం దానికి రాష్ట్రం హోదా కూడా లేదు. 1912 నుంచి టెరిటరీ అనేవారు, అంటే కేంద్ర పాలిత ప్రాంతం లాంటిదన్నమాట. రాష్ట్రం అయింది 1959లో.

విలియం 1885లో పుట్టాడు. తల్లి పేరు మటిల్డా, అందరూ టిల్లీ అనేవారు. ఆమె ట్లింగిట్ పేరు కాటాహా. కాకి సగంలో టీహిట్టాన్ గోత్రం ఆమెది, కాబట్టి విలియందీ అదే. తండ్రి లూయీ పాల్. భార్యాభర్తలిద్దరూ మిషన్ బడుల్లో పంతుళ్ళుగా చేసేవారు. విలియంకి రెండేళ్ళు కూడా నిండకముందే, 1886 చలికాలంలో, తండ్రి ఇంకొందరితో కలిసి చిన్న పడవలో కొత్త ఊరికి మంచి స్థలం వెతకడానికి బయలుదేరాడు. అంతే, పడవా రాలేదు, మనుషులూ రాలేదు. టిల్లీ ముగ్గురు మగపిల్లల్ని పెట్టుకుని సిట్కా అనే ఊళ్ళో మిషన్ వారి బోర్డింగు స్కూలులో పనికి చేరింది. ఆడపిల్లలకు కుట్టుపని నేర్పడం, జబ్బు పడ్డ పిల్లల్ని చూసుకోవడం, మన హాస్టల్లో మేట్రన్ గారు చేసే పనులన్నీ ఆమె చేసేది. అది చాలదన్నట్టు, ఇంకో ట్లింగిట్ స్త్రీతో కలిసి, లిపి లేని తన భాషకు రాత తయారు చేసింది. ఆ రోజుల్లో ఆ బడిలో పిల్లలు ట్లింగిట్ మాట్లాడకూడదు. మాట్లాడనివ్వని బడిలో జీతం తీసుకుంటూ ఆ భాషనే రాతలో పెట్టిన మనిషి ఆమె. నన్నడిగితే ఈ వ్యాసం ఆమె మీదే రాయవచ్చు.

విలియం మొదట సిట్కాలో చదివి, తర్వాత కార్లైల్ అనే చోటికి వెళ్ళాడు. ఈ కార్లైల్ గురించి కొంచెం చెప్పాలి. అది అమెరికా తూర్పు భాగంలో పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఉంది. అలాస్కా నుంచి వేల మైళ్ళు. 1879లో పాత మిలిటరీ బారకాసుల్లో ఆదివాసీ పిల్లల కోసం ఆ స్కూలు పెట్టారు. పెట్టింది ఒక సైనికాధికారి. బిడ్డ రాగానే జుట్టు కత్తిరించేవారు, సొంత పేరు తీసేసి ఇంగ్లీషు పేరు పెట్టేవారు, సొంత భాష మాట్లాడితే శిక్ష. యూనిఫారం, బూట్లు, డ్రిల్లు, బ్యాండు. సగం రోజు చదువు, సగం రోజు పని. ఏళ్ళ తరబడి ఇంటి ముఖం చూడనివాళ్ళు ఉన్నారు. జబ్బుచేసి అక్కడే చనిపోయి అక్కడే పూడ్చబడిన పిల్లలూ ఉన్నారు. పిల్లవాడిలో ఉన్న ఆదివాసిని పూర్తిగా తుడిచేసి అమెరికావాడిని చేయాలన్నది ఆ స్కూలు ఉద్దేశం, వాళ్ళు దాన్ని దాచుకోలేదు కూడా. 1918లో ఆ స్కూలు మూతపడింది.

మన గురుకులం అలాంటిది కాదు. ఇక్కడ పండగకి ఇంటికి పంపిస్తారు, మన పాటలు వార్షికోత్సవంలో పాడనిస్తారు. అయినా ఇల్లు వదిలి మొదటి రాత్రి ట్రంకుపెట్టె పక్కన పడుకోవడం ఎలా ఉంటుందో మనకి తెలుసు గదా. విలియంది ఎంత దూరమో ఆలోచించండి.

ఆ స్కూలు ఆయనకి ఒకటి మాత్రం ఇచ్చింది: గట్టి ఇంగ్లీషు. తర్వాత వాషింగ్టన్ రాష్ట్రంలో విట్‌వర్త్ కాలేజీలో చదివి 1909లో డిగ్రీ పొందాడు. అక్కడ పరిచయమైన ఫ్రాన్సెస్ లాకీ అనే తెల్లమ్మాయిని 1911లో పెళ్ళి చేసుకున్నాడు. బయట ఉద్యోగాలు చేస్తూ లా చదివాడు. ఎలాగంటే పోస్టులో! షికాగో నుంచి పాఠాలు కవర్లలో వచ్చేవి, జవాబులు రాసి తిప్పి పంపాలి. పగలంతా పనిచేసి రాత్రి దీపం ముందు చదువుకునేవాడు ఏ కాలేజీలో చదివినవాడికీ తీసిపోడు అనడానికి ఆయనే సాక్ష్యం. 1920లో అలాస్కా వచ్చి పరీక్ష పాసై లాయరు అయ్యాడు. అలాస్కా ఆదివాసుల్లో మొట్టమొదటి లాయరు ఆయనే.

వచ్చి చూస్తే ఊళ్ళ పరిస్థితి ఏమిటి? హోటళ్ళ ముందు ఆదివాసులు రాకూడదని బోర్డులు. సినిమా హాల్లో వాళ్ళకు వేరే చోటు. తెల్ల పిల్లలకు ఒక బడి, ఆదివాసీ పిల్లలకు ఇంకొకటి. ఓటు ఉందో లేదో ఎవరికీ సరిగ్గా తెలియదు. 1915లో టెరిటరీ ఒక చట్టం చేసింది. ఆదివాసి పౌరుడు కావాలంటే పాత ఆచారాలు వదిలేశానని రుజువు చేయాలి, పరీక్షకు నిలబడాలి, పైగా ఇతను మంచివాడే అని అయిదుగురు తెల్లవాళ్ళు సంతకం పెట్టాలి. ఆ నేలమీద వేల ఏళ్ళుగా ఉన్నవాడు, నిన్నగాక మొన్న ఓడ దిగినవాడి దగ్గరికి పోయి కాండక్టు సర్టిఫికెట్ తెచ్చుకోవాలన్నమాట!

అప్పటికే 1912లో సిట్కాలో ఆదివాసులు అలాస్కా నేటివ్ బ్రదర్‌హుడ్ అనే సంఘం పెట్టుకున్నారు. 1915లో స్త్రీల సంఘం కూడా వచ్చింది. మొదట్లో ఆ సంఘం పెద్దల ఆలోచన ఏమంటే, మనం ఇంగ్లీషు నేర్చుకుని, పాత పద్ధతులు మానుకుంటే తెల్లవాళ్ళు మనల్ని సమానంగా చూస్తారని. పాల్, ఆయన తమ్ముడు లూయీ అందులో చేరి ఆ దారి మార్చారు. బుద్ధిగా ఉంటే ఇస్తారు అని ఎదురు చూడడం కాదు, కోర్టుకి పోదాం, ఎన్నికల్లో నిలబడదాం అన్నారు. ఊరూరా తిరిగారు. ఊరూరా అంటే బస్సు కాదు, దీవి నుంచి దీవికి పడవమీద. 1923 నుంచి సంఘం తరపున ది అలాస్కా ఫిషర్‌మన్ అనే పత్రిక కూడా నడిపారు.

మొదటి పెద్ద కేసు సొంత ఇంట్లోనే వచ్చింది. 1922లో రాంగెల్ అనే ఊళ్ళో చార్లీ జోన్స్ అనే ట్లింగిట్ పెద్ద ఓటు వేయబోయాడు. ఈయన వాళ్ళ ఊరి నాయకుడు, షేక్స్ అనే బిరుదు వంశపారంపర్యంగా వచ్చినవాడు. నువ్వు పౌరుడివి కాదు పొమ్మన్నారు. ఆయన వెంట వచ్చి, నీకు హక్కుంది వెయ్యి అని నిలబడిన ఆవిడ ఎవరో కాదు, టిల్లీ. ఆయన మీద కేసు పెట్టారు, హక్కు లేనివాడిని ఓటుకి పురికొల్పిందని ఆమె మీద కూడా పెట్టారు. ఇద్దరి తరపునా వాదించింది విలియం పాల్. తల్లిని బోనులో నిలబెడితే కొడుకు నల్లకోటు వేసుకుని వాదించడం, సినిమాలో చూపిస్తే మనం నమ్మం. గెలిచారు. కేంద్ర ప్రభుత్వం ఆదివాసులందరికీ పౌరసత్వం ఇస్తూ చట్టం చేసింది 1924 జూన్‌లో. రాంగెల్ కేసు దానికంటే ముందే.

(స్థలం చాలలేదు. మిగతాది రెండో చార్టులో చదవండి.)

అదే 1924 నవంబరులో ఎన్నికలు. పాల్ అలాస్కా టెరిటరీ ప్రతినిధుల సభకి పోటీ చేశారు. ఊళ్ళల్లో చాలామంది ముసలివాళ్ళకి ఇంగ్లీషు చదవడం రాదు. బ్యాలెట్ మీద పేరు ఎక్కడుందో తెలియదు. అందుకని ఆయన అట్టముక్కలు కత్తిరించి పంచారు. అట్టని బ్యాలెట్ మీద పెడితే, ఎక్కడ గుర్తు వేయాలో అక్కడే కన్నం ఉంటుంది. వేసెయ్యడమే. ఎదటి పక్షం వాళ్ళు ఇది మోసం, గొర్రెలమందని తోలినట్టు తోలుతున్నాడని పత్రికల్లో గోల పెట్టారు. ఇందులో న్యాయం ఎవరిదో మీరే ఆలోచించండి. నాకైతే, ఓటు హక్కు ఇచ్చి అర్థం కాని భాషలో కాగితం చేతిలో పెట్టడం ముందు తప్పు అనిపిస్తుంది. అయితే అట్ట తయారు చేసేవాడి చేతిలో చాలా బలం ఉంటుంది అన్నది కూడా నిజమే.

పాల్ గెలిచారు. అలాస్కా శాసనసభలో అడుగుపెట్టిన తొలి ఆదివాసి అయ్యారు. ఆ సభ పెద్దదేమీ కాదు. ప్రతినిధులు 16 మంది, సెనేటులో 8 మంది, మొత్తం 24. మన రెండు క్లాసుల కంటే తక్కువ. జూనో పట్టణంలో రెండేళ్ళకి ఒకసారి కూర్చుంటారు, 60 రోజులు. మిగతా అందరూ తెల్లవాళ్ళు, ఈయన ఒక్కడు.

1925లో సభ మొదలవగానే ఆయన ముందుకు వచ్చింది ఏమిటంటే, ఇంగ్లీషు చదవడం రాయడం వచ్చినవాడికే ఓటు అనే బిల్లు. పైకి చూస్తే చదువుని ప్రోత్సహించే చట్టంలాగా ఉంటుంది. లోపల సంగతి వేరు. పాల్‌ని గెలిపించిన ఓట్లని కొట్టేయడానికే అది. ఎన్నికలప్పుడే ఆదివాసీ ఓటు వల్ల ప్రమాదం అని బహిరంగంగా ప్రచారం చేశారు. ఒక్కడు ఆపగలడా? బిల్లుని ఆపలేకపోయారు. కానీ అందులో ఒక సవరణ పెట్టించారు: ఇంతకు ముందు ఎన్నికల్లో ఓటు వేసి ఉన్నవాడికి ఈ పరీక్ష అక్కరలేదు. ఈ చిన్న వాక్యం ఎంత పని చేసిందో చూడండి. అట్టముక్క పెట్టి ఓటు వేసిన ముసలివాళ్ళందరి హక్కూ నిలిచిపోయింది. ఇక కొత్త తరం పిల్లలంటారా, వాళ్ళు ఎలాగూ బడికి పోతున్నారు. దెబ్బ కొట్టడానికి తెచ్చిన చట్టం పళ్ళు ఊడిన పులిలాగా అయింది. కార్లైల్ వాళ్ళు నేర్పిన ఇంగ్లీషు, ఇంగ్లీషు రానివాళ్ళ ఓటు కాపాడడానికి పనికొచ్చింది. ఆ స్కూలు వాళ్ళు ఇలా అనుకుని ఉండరు.

1926లో ఆయన మళ్ళీ గెలిచారు. ఆయన సభలో ఉండగానే 1927లో అలాస్కా జెండా ఖాయం అయింది. ఇది విలియం పాల్ కథ కాకపోయినా మనకోసం చెప్పాలి. జెండా గీయమని బడిపిల్లలకే పోటీ పెట్టారు. గెలిచింది బెన్నీ బెన్సన్ అనే ఆదివాసీ పిల్లవాడు. తల్లి లేదు, స్యూవర్డ్ అనే ఊళ్ళో పిల్లల ఆశ్రమంలో ఉండి ఏడో తరగతి చదువుతున్నాడు. నీలం గుడ్డమీద సప్తర్షులు, ధ్రువనక్షత్రం. అంతే బొమ్మ. మనం రాత్రి స్టడీ అయ్యాక గ్రౌండులో నిలబడి చూసే చుక్కలే. అలాస్కా జెండా ఇప్పటికీ అదే.

పాల్ గారి అసలు పోట్లాట ఇంకొకటి ఉంది, చేపలది. సియాటిల్, శాన్‌ఫ్రాన్సిస్కోల నుంచి వచ్చిన కంపెనీలు ఒడ్డునే ఫ్యాక్టరీలు పెట్టి చేపల్ని డబ్బాల్లో నింపి అమ్మేవి. చేపలు పట్టడానికి వాళ్ళు పెద్ద బోనులు కట్టేవారు. మన వాగులో పెట్టే చేపల బుట్ట అనుకోకండి. సముద్రంలో గుంజలు దిగ్గొట్టి, మైదానమంత వలలు కట్టి, గుడ్లు పెట్టడానికి నదుల వైపు వచ్చే చేపల్ని గుంపులు గుంపులుగా పట్టేసేవారు. మనిషి పని తక్కువ, చేపలు లెక్కలేనన్ని. ట్లింగిట్ వాడు తాతలనాటి వాగు దగ్గరికి పడవేసుకుని పోతే చేప ఉండదు. బోనులు తీసేయాలని సంఘం, పాల్ గారి పత్రిక గొంతు చించుకున్నాయి. కంపెనీల డబ్బు ముందు అప్పుడు ఏమీ సాగలేదు. రాష్ట్రం ఏర్పడ్డాక, 1959లోనే బోనులు పోయాయి. పాల్ 1928 ఎన్నికల్లో ఓడిపోయారు. ఆ తర్వాత మళ్ళీ సభకి రాలేదు. అంటే శాసనసభ్యుడిగా ఆయన ఉన్నది నాలుగేళ్ళే, కూర్చున్నది రెండు సమావేశాలే.

పదవి పోయాక ఊరుకున్నారా? 1929లో కెచికాన్ పట్టణంలో పన్నెండేళ్ళ ఆదివాసీ బాలికని పట్టణం బడి వాళ్ళు చేర్చుకోమన్నారు. నీకు వేరే బడి ఉంది, అక్కడికి పో అన్నారు. పాల్ ఆ పిల్ల తరపున కోర్టుకెక్కారు. అంతకు ముందు 1908లో సిట్కాలో ఇలాంటి కేసే జరిగింది. అప్పుడు జడ్జి ఏం చూశాడో తెలుసా? ఆ పిల్లలు ఎలాంటి ఇంట్లో ఉంటున్నారు, ఎవరితో ఆడుకుంటున్నారు, ఎంత నాగరికంగా బతుకుతున్నారు అని! చూసి పనికిరారని తేల్చాడు. 1929లో అలా కాలేదు. పిల్లని బడిలో చేర్చుకోవలసిందే అని తీర్పు వచ్చింది. ఈ కేసుకి పాల్ గారి గొప్ప విజయాల్లో మొదటి స్థానం ఇవ్వాలని నా అభిప్రాయం. శాసనసభ సీటు నాలుగేళ్ళలో పోయింది, బడి తలుపు తెరుచుకున్నది తెరుచుకున్నట్టే ఉంది. హోటళ్ళు, హాళ్ళలో వివక్ష నేరం అని చట్టం రావడానికి మాత్రం 1945 దాకా పట్టింది. అందులో పెద్ద పాత్ర ఎలిజబెత్ పెరట్రోవిచ్ అనే ట్లింగిట్ స్త్రీది. ఆమె గురించి ఇంకో సంచికలో ఎవరైనా రాయండి.

ఇక భూమి సంగతికి వద్దాం. అదే 1929లో హేన్స్ అనే ఊళ్ళో సంఘం మహాసభ జరిగింది. మన అడవి, మన నేల తీసుకుని జాతీయ అడవి అని పేరు పెట్టుకున్నారు, దానికి ప్రభుత్వం మీద దావా వేయాలి అని అక్కడ తీర్మానించుకున్నారు. ప్రభుత్వం మీద దావా వేయాలంటే ప్రభుత్వమే అనుమతి ఇవ్వాలట. ఆ అనుమతి చట్టం 1935లో వచ్చింది, ఆరేళ్ళకి. ఆ మరుసటి ఏడాది 1936లో అలాస్కా ఆదివాసీ గ్రామాలు సొంత పాలక మండళ్ళు పెట్టుకోవచ్చని, ప్రభుత్వ రుణాలు తీసుకోవచ్చని ఇంకో చట్టం వచ్చింది. దాని వెనుకా పాల్ గారి కృషి ఉంది. ఆ పని మీదే కొన్నాళ్ళు ప్రభుత్వ ఉద్యోగిగా ఊళ్ళు తిరిగారు.

ఇక్కడ ఒక చేదు విషయం రాయాలి. దాచితే అది జీవితచరిత్ర కాదు, భజన అవుతుంది. 1937లో పాల్ గారి లాయరు లైసెన్సు రద్దయింది. కక్షిదారుల డబ్బు విషయంలో సరిగ్గా నడుచుకోలేదని ఫిర్యాదులు వచ్చాయి. ఆయనకి శత్రువులు ఎక్కువ, కంపెనీలు కాచుకుని ఉన్నాయి, అది నిజం. మరి ఆయన స్వభావం కూడా మెత్తనిది కాదు. ఎవరి మాటా వినేవారు కాదు, సంఘంలో సొంతవాళ్ళతోనే తగాదాలు పడ్డారు. పేదవాళ్ళు నమ్మి ఇచ్చిన డబ్బుకి లెక్క చెప్పవలసిన బాధ్యత శత్రువులు ఉన్నారన్న కారణంతో పోదు. అప్పటి నుంచి కోర్టులో నిలబడే పని ఆయన కొడుకులు విలియం, ఫ్రెడరిక్ చేశారు. ఇద్దరూ లాయర్లే అయ్యారు. కాగితాలు తయారు చేయడం, పాత చట్టాలు వెతకడం, ఉత్తరాలు రాయడం ముసలాయన మానలేదు.

తగాదాల్లో ముఖ్యమైనది ఏమిటంటే, నేల ఎవరిది అన్నది. దావా జాతి మొత్తం పేర నడవాలని ఎక్కువమంది అన్నారు. కాదు, ట్లింగిట్ న్యాయం ప్రకారం నేల జాతిది కాదు, గోత్రానిది, ఏ గోత్రం వాగు ఆ గోత్రందే అని పాల్ పట్టుబట్టారు. చివరికి సొంత గోత్రం పేర వేరే దావా వేశారు. 1951లో అటవీశాఖ రాంగెల్ దగ్గర చెట్లను కాగితపు గుజ్జు కంపెనీకి అమ్మింది. ఆ చెట్లు టీహిట్టాన్ గోత్రం వాళ్ళవి, మాకు పరిహారం ఇవ్వాలి అన్నారు. గోత్రం మొత్తం కలిపి 60, 70 మంది. వాళ్ళు మాది అన్న నేల మూడున్నర లక్షల ఎకరాలు, దానితోపాటు 150 చదరపు మైళ్ళ నీళ్ళు. కేసు అమెరికా సుప్రీంకోర్టు దాకా పోయింది.

1955లో తీర్పు వచ్చింది. ఓడిపోయారు. అయిదుగురు జడ్జీలు వ్యతిరేకం, ముగ్గురు అనుకూలం. కోర్టు అన్నది మామూలు మాటల్లో ఇది: మీరు తరతరాలుగా అక్కడ ఉన్నారు, వాడుకున్నారు, సరే. కానీ అది మీ ఆస్తి అని అమెరికా పార్లమెంటు ఎప్పుడూ ఒప్పుకోలేదు. ఒప్పుకోని హక్కుని ప్రభుత్వం ఎప్పుడైనా తీసుకోవచ్చు, పైసా ఇవ్వక్కరలేదు. మన భాషలో చెప్పాలంటే, పట్టా లేదు కాబట్టి పొమ్మన్నారు. పట్టా ఇవ్వవలసినవాడు ఎవరు? తీసుకున్నవాడే. ఇది చదివినప్పుడు మన తాతల ముఖాలు గుర్తుకు రానివాళ్ళు మనలో ఎవరూ ఉండరు.

ఈ ఓటమి దెబ్బ అలాస్కా వరకే ఆగలేదు. ఆ తీర్పు అమెరికాలో ఇప్పటికీ కొట్టివేయబడలేదు. కొందరు పెద్దలు పాల్ తొందరపడి ఈ కేసు వేసి జాతి మొత్తానికి నష్టం తెచ్చాడన్నారు. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు.

అయితే జాతి పేర నడిచిన పాత దావా వేరే చట్టం కింద ఉంది గదా, 1935 నాటిది. దాని మీద 1959లో తీర్పు వచ్చింది. ఆ ప్రాంతం ట్లింగిట్, హైడా జాతులదే, ప్రభుత్వం తీసుకున్నది నిజమే, పరిహారం కట్టాలి అని. ఎంత కట్టాలో తేల్చడానికి మళ్ళీ తొమ్మిదేళ్ళు. 1968లో సుమారు 75 లక్షల డాలర్లు ఇచ్చారు. నూరేళ్ళ క్రితం రష్యాకి మొత్తం అలాస్కా కోసం ఇచ్చిన దానికి కొంచెం ఎక్కువ. నూరేళ్ళలో డాలరు విలువ ఎంత పడిపోయిందో మన లెక్కల మాస్టారిని అడగండి.

అప్పుడే ఉత్తరపు కొసన, మంచు మధ్య, పెద్ద చమురు నిక్షేపం బయటపడింది. చమురు తీసుకుపోవాలంటే పైపులైను వేయాలి. పైపులైను వేయాలంటే నేల ఎవరిదో ముందు తేలాలి. నలభై ఏళ్ళుగా వినని వాళ్ళకి ఉన్నట్టుండి చెవులు వచ్చాయి. ఆ ఉత్తరాది ఆదివాసుల తరపు లాయరు ఎవరో కాదు, పాల్ గారి కొడుకు ఫ్రెడరిక్. 1971 డిసెంబరులో చట్టం అయింది. అలాస్కా ఆదివాసులకు 4 కోట్ల 40 లక్షల ఎకరాలు, 96 కోట్ల 25 లక్షల డాలర్లు. ఈసారి కోర్టు ఇవ్వలేదు, పార్లమెంటు ఇచ్చింది. నేల గోత్రాలకీ రాలేదు, జాతులకీ రాలేదు, ఆదివాసులే వాటాదారులుగా పెట్టిన కంపెనీలకి వచ్చింది. ఆ పద్ధతి మంచిదా కాదా అని అక్కడ ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. గోత్రమే యజమాని అన్న పాల్ గారి మాట మాత్రం ఆ చట్టంలో ఎక్కడా లేదు. అప్పటికి ఆయనకి 86 ఏళ్ళు.

ఆయన భార్య ఫ్రాన్సెస్ తన అత్తగారి చిన్ననాటి సంగతులు పిల్లలు చదువుకునే కథలుగా రాసింది. ట్లింగిట్ ఊరు, చేపలు ఎండబెట్టడం, బుట్టలు అల్లడం, పెద్దవాళ్ళు చెప్పే కథలు అన్నీ అందులో ఉన్నాయి. 1976లో అది పుస్తకంగా అచ్చయింది. పేరు కాటాహా, అంటే టిల్లీ సొంత పేరే. మరుసటి ఏడాది 1977లో విలియం పాల్ సియాటిల్ నగరంలో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 91.